తిరుగు టపా: లంక ఊళ్ల క్లినిక్‌లలో మా ప్రాజెక్టు డైరీ

మే 26

గోదావరి పాయ వశిష్ట నుంచి వైనతేయ అనే మరో పాయ చీలే ప్రాంతానికి దగ్గరలో ఉన్న మూడు లంక గ్రామాల విలేజ్ క్లినిక్‌లలో ఈ రోజు పని మొదలుపెట్టాము. ప్రభుత్వ కాగితాల్లో వీటిని ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలని రాస్తున్నా, ఊళ్లో అందరూ విలేజ్ క్లినిక్ అనే అంటారు కాబట్టి ఈ డైరీలోనూ ఆ మాటే వాడతాను. మా బృందంలో నలుగురం ఉన్నాము: ఇద్దరు ప్రోగ్రామర్లు, ఉద్యోగ విరమణ చేసిన ఒక నర్సమ్మ గారు, నేను. మేము చేయదలచుకున్నది ఒక్కటే. రోగి వివరం ఆశా కార్యకర్త నుంచి ఏఎన్ఎంకు, అక్కడి నుంచి క్లినిక్‌లోని సీహెచ్‌ఓకు (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు), ఆ పైన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు గారికి, అవసరమైతే ఏరియా ఆసుపత్రికి చేరుతుంది. అక్కడ ఏం చూశారో, ఏ మందు మార్చారో ఆ కబురు మళ్లీ అదే దారిలో ఊరికి రావాలి. పంపడం ఇప్పటికే జరుగుతోంది. రావడమే జరగడం లేదు. అందుకే మా చిన్న యాప్‌కు తిరుగు టపా అని పేరు పెట్టుకున్నాము.

మొదటి పూట ట్యాబ్‌లో ఏమీ ఎక్కించలేదు. ఒక మూల కూర్చుని చూశాము. తొమ్మిదిన్నరకు ఒక మామ్మగారు వచ్చారు. ఆవిడకు ఎనిమిదేళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి. ఎడమ కాలికి బోదకాలు. మార్చి చివరలో క్షయ అని తేలి ఆ మందులు కూడా వాడుతున్నారు. బీపీ, షుగరు వివరాలు ట్యాబ్‌లోని ఎన్‌సీడీ (అంటువ్యాధులు కాని జబ్బుల) యాప్‌లో ఉన్నాయి. క్షయ వివరాలు నిక్షయ్ పోర్టల్‌లో ఉన్నాయి, వాటిని చూసుకునే సూపర్‌వైజరు వేరు. బోదకాలు మలేరియా విభాగం వారి రిజిస్టరులో ఉంది. ఆసుపత్రి చీటీ ఏదని సీహెచ్‌ఓ గారు అడిగితే మామ్మగారు కొంగు ముడి విప్పి నాలుగు మడతల కాగితం తీశారు.

"పడవలో తడిసిపోయిందండి. ఆయ్, మాత్ర చూపిస్తే గుర్తుపడతానండి" అన్నారు.

సిరా కరిగి కాగితం నిండా నీలం మరక మిగిలింది. మందు పేరు ఉండవలసిన చోట చదవగలిగినది చివరి సున్నా ఒక్కటే. ఆ రోజు షుగరు 286 వచ్చింది. మాత్రలు మానేశారేమోనని సీహెచ్‌ఓ గారు అనుమానపడ్డారు, ఆవిడ ఒట్టేసి మానలేదన్నారు. మా నర్సమ్మ గారికి అసలు సంగతి తట్టింది. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను చురుకు చేస్తుంది. దాని వల్ల గ్లిమెపిరైడ్ వంటి షుగరు మాత్రలు ఒంట్లో త్వరగా కరిగిపోయి వాటి బలం తగ్గుతుంది. బీపీకి ఇచ్చే ఆమ్లోడిపిన్ కూడా అలాగే బలం తగ్గుతుంది. రెండు రిజిస్టర్లు ఒకదానినొకటి చూసుకుని ఉంటే ఆవిడ అబద్ధమాడుతున్నారన్న అనుమానానికి చోటే ఉండేది కాదు. డాక్టరు గారికి ఫోను చేసి ఆవిడను ఏరియా ఆసుపత్రికి పంపే ఏర్పాటు చేశాము.

సమన్వయ వైద్యం అనే మాటకు నిర్వచనాలు చాలా చదివాను. నాకు మాత్రం ఆ కొంగు ముడిలోని కాగితమే కనిపిస్తోంది.

జూన్ 3

పేర్ల పని మొదలైంది. అనుకున్నదానికంటే కష్టంగా ఉంది. ఇంటిపేరు ఒక రికార్డులో ముందుంటే మరొక దానిలో చివర ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో లక్ష్మి అన్న పేరును నాలుగు రకాలుగా రాశారు. పెళ్లయిన ఆడవాళ్లకు పుట్టింటి ఇంటిపేరుతో ఒక రికార్డు, అత్తింటి ఇంటిపేరుతో ఇంకొకటి ఉన్నాయి. పెద్దవాళ్లలో చాలామందికి పుట్టిన తేదీ జనవరి 1, ఎందుకంటే ఆధార్ నమోదు నాడు వాళ్లు ఏడాది మాత్రమే చెప్పగలిగారు. ఇంగ్లీషు పేర్ల కోసం తయారైన ధ్వని పోలిక పద్ధతులు దకారానికీ ధకారానికీ, తకారానికీ థకారానికీ తేడా పట్టుకోలేవు. అందుకని పేరును ముందు తెలుగు లిపిలోకి మార్చి, ఆ తర్వాత పోల్చేలా రాస్తున్నాము.

జూన్ 10

దేశవ్యాప్తంగా ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరు 27న మొదలైంది. దాని కింద ఇచ్చే 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు ప్రతి రోగికీ ఉంటే మా పేర్ల బాధ సగం తీరుతుందని ఆశపడ్డాము. చాలామందికి నంబరు ఉంది. ఆ నంబరుతో పాత రికార్డులను కలపడానికి రోగి అనుమతి ఇవ్వాలి, ఆ అనుమతికి ఫోనుకు ఓటీపీ వస్తుంది. ఈ ఊళ్లలో ఆధార్‌తో జతపడిన ఫోను చాలాసార్లు కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉంటుంది. ఈ రోజు ఒక తాతగారి ఓటీపీ కోసం ఆయన కూతురు కువైట్‌లో పనిలో విరామం దొరికే దాకా గంటన్నర ఎదురుచూశాము. అమ్మాయి నంబరు చదివి చెప్పే లోపు దాని గడువు తీరిపోయింది, మళ్లీ పంపవలసి వచ్చింది.

దానిని తప్పని నేను అనను. రోగి అనుమతి లేకుండా రికార్డు కదలకూడదన్న నియమం న్యాయమైనది. అయితే ఆభా లేదని ఎవరినీ వెనక్కి పంపకూడదని నిర్ణయించుకున్నాము. ప్రతి రోగికీ క్యూఆర్ కోడు ముద్రించిన ప్లాస్టిక్ కార్డు ఒకటి ఇస్తున్నాము. బీపీ రోగుల కోసం వాడుకలో ఉన్న సింపుల్ అనే ఓపెన్ సోర్స్ యాప్‌లో ఇటువంటి కార్డు పద్ధతి చూసి నేర్చుకున్నాము. కార్డు తడిసినా పాడుకాదు. వెనక వైపు మందు పేరు, డోసు చెరగని మార్కరుతో రాస్తున్నాము, ఎందుకంటే ట్యాబ్ చార్జింగు అయిపోయిన రోజున కూడా కార్డు చదవగలగాలి.

జూన్ 18

ఏరియా ఆసుపత్రి వారు మామ్మగారికి ఇన్సులిన్ మొదలుపెట్టి పన్నెండు రోజులైంది. ఆ సంగతి ఈ రోజు ఆశా కార్యకర్త క్షయ మందుల కోసం ఇంటికి వెళ్లినప్పుడు గాని ఎవరికీ తెలియలేదు. ఇన్సులిన్ సీసా వంటింటి కిటికీ గట్టు మీద, మధ్యాహ్నపు ఎండ సూటిగా పడే చోట ఉంది. తెరవని సీసాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, వాడుతున్న సీసానైనా ఎండ తగలకుండా దాచుకోవాలి. ఇంట్లో ఫ్రిజ్ లేదు. క్లినిక్‌లోని శీతల పెట్టె టీకాలకే ప్రత్యేకం, దానిలో వేరే మందు పెట్టకూడదు. నర్సమ్మ గారు వెళ్లి మట్టికుండలో తడి ఇసుక పోసి, సీసాను ప్లాస్టిక్ డబ్బాలో మూతపెట్టి దానిలో ఉంచడం నేర్పారు. కుండను కొబ్బరి ఆకుల దడి నీడలో పెట్టించారు. కిటికీ మీద ఎండ తగిలిన సీసా పారేసి కొత్తది తెప్పించాము.

పన్నెండు రోజులు. ఊళ్లో ఆశా ఉంది, ఏఎన్ఎం ఉన్నారు, సీహెచ్‌ఓ ఉన్నారు, నెలకు రెండుసార్లు 104 వాహనంలో డాక్టరు గారు వస్తారు. ఇంతమంది ఉండి కూడా ఒక సీసా సంగతి ఎవరికీ తెలియలేదంటే లోపం మనుషుల్లో లేదు. కబురు తెచ్చే దారి లేదు.

జూన్ 27

ఒక పొరపాటు జరిగింది. అది మాదే, దాచకుండా రాస్తున్నాను. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు, ఒకే పుట్టిన సంవత్సరం, జనవరి 1 తేదీ ఉన్న ఇద్దరు ఆడవాళ్లను మా ప్రోగ్రాము ఒక్కరే అనుకుని రికార్డులు కలిపేసింది. ఒకరి షుగరు రీడింగులు మరొకరి పేరు కింద చేరాయి. ఏఎన్ఎం గారు జాబితా పైకి చదువుతూ, "ఈవిడ రామాలయం వీధి కాదండి, ఏటిగట్టు వీధావిడ. ఈవిడకు షుగరే లేదు కదండీ" అన్నారు కాబట్టి మాత్రలు మారకముందే బయటపడింది. ఆ మాట వినగానే నా చేతులు చల్లబడ్డాయి.

ఇకపై ప్రోగ్రాము సొంతంగా ఏ రెండు రికార్డులనూ కలపదు. పోలిక ఉన్నవాటిని పక్కపక్కన చూపిస్తుంది. ఏఎన్ఎం గారు వీధి పేరు, భర్త పేరో తండ్రి పేరో సరిచూసి అవునంటేనే కలుస్తాయి. కలిపిన వాటిని మళ్లీ విడదీసే వీలు కూడా పెట్టాము. పాత రికార్డు ఏదీ తుడిచివేయడం లేదు.

అదే వారం ఇంకొక చిక్కు వచ్చింది. బ్యాటరీ పూర్తిగా దిగిపోయిన ఒక ట్యాబ్‌లో గడియారం వెనక్కి పోయింది. నెట్ వచ్చాక అది కొత్త బీపీ రీడింగును పాత తేదీతో పంపింది. చివరి తేదీ ఉన్నదే నిజమని నమ్మే మా సర్వరు ఆ రీడింగును పక్కకు నెట్టి పాతదే చూపించింది. ఇప్పుడు ఒక రీడింగు మీద మరొకటి రాయడమనేదే లేదు. ప్రతిదీ విడిగా నిలుస్తుంది, ట్యాబ్ గడియారానికీ సర్వరు గడియారానికీ తేడా ఉంటే ఎర్రగుర్తు పడుతుంది.

జూలై 6

ఆదివారం సెలవు కాబట్టి బృందమంతా కూర్చుని పాత అధ్యయనాలు చదివాము. గోదావరి జిల్లాలకు ఈ విషయంలో ఇరవై ఏళ్ల పాఠాలున్నాయి. 2006లో ప్రచురితమైన ఒక సర్వేలో ఇక్కడి 45 గ్రామాల మరణాలను పరిశీలిస్తే గుండె, రక్తనాళాల జబ్బులే మొదటి స్థానంలో తేలాయి. దాదాపు మూడో వంతు మరణాలు వాటి వల్లనే. పల్లెటూరి జబ్బు అనగానే మలేరియా, విరేచనాలు గుర్తొచ్చే రోజుల్లో ఆ లెక్క చాలామందిని ఉలిక్కిపడేలా చేసింది. ఆ తర్వాత స్మార్ట్‌హెల్త్ ఇండియా పేరుతో పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాల్లో పెద్ద ప్రయోగం జరిగింది. ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి గుండెజబ్బు ముప్పు ఎవరికి ఎక్కువో లెక్కగట్టి డాక్టరు దగ్గరకు పంపించారు. 2019లో ఫలితాలు వెలువడ్డాయి. ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లు డాక్టరు దగ్గరకు వెళ్లడం పెరిగింది గాని, బీపీ అదుపులోకి వచ్చినవారి నిష్పత్తిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

ఆ పేరా చదివాక గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా పక్క జిల్లాలో, మా కంటే ఎంతో పెద్ద వనరులతో, మా కంటే నిపుణులైనవారు చేసిన పని అది. ఫలితాన్ని ఉన్నదున్నట్టు ప్రకటించిన వారి నిజాయితీకి నేను కృతజ్ఞుడిని, ఎందుకంటే అది మాకు దారి చూపించింది. జబ్బు కనిపెట్టడం, పంపడం యంత్రం చేయగలదు. పంపిన తర్వాత మందు దొరకాలి, మోతాదు పెంచాలి, నెల తర్వాత మళ్లీ చూడాలి, ఆ చూసే మనిషి ఎవరో ముందే తెలియాలి.

అందుకని యాప్ మొదటి తెర మొత్తం మార్చాము. ఇంతకుముందు అక్కడ రీడింగులు కనిపించేవి. ఇప్పుడు మూడు గళ్లే కనిపిస్తాయి: తర్వాతి పని ఏమిటి, అది ఎవరిది, ఏ తేదీకి. ఈ మూడూ నింపకుండా ఏ రికార్డూ మూసుకోదు. ఎవరిది అన్న గడిలో బృందం అని రాయడానికి వీల్లేదు, ఒకే ఒక హోదా రాయాలి.

జూలై 9

కొత్త తెర మొదటి రోజే మాకొక సంగతి నేర్పింది. కొబ్బరి దింపు చేసే ఒకాయనకు బీపీ 170/100 ఉంది. వరుసగా మూడు వారాలు ఆశా కార్యకర్త ఇంటికి వెళితే ఆయన లేరు. రికార్డులో మూడుసార్లు అందుబాటులో లేరు అని పడింది, చూసేవారికి ఆయన నిర్లక్ష్యం చేస్తున్నట్టు కనిపిస్తుంది. ఆశా వెళ్లేది ఉదయం పదింటికి. ఆ వేళకు ఆయన ఏదో ఒక తోటలో చెట్టు మీద ఉంటారు. తల తిరిగితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. కలిసే వేళ అన్న గడి ఒకటి చేర్చి, సాయంత్రం ఐదున్నర అని రాశాము. ఆ సాయంత్రమే దొరికారు. రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండేవాళ్లకు పదకొండు గంటలు మంచి వేళ అని ఆశా కార్యకర్తే చెప్పి మరి నలుగురికి వేళలు మార్పించింది.

జూలై 16

ఏరియా ఆసుపత్రి ఓపీలో నింపడం కోసం మేము తయారు చేసిన తిరుగు టపా ఫారం పది రోజుల్లో ఒక్కటి కూడా నిండలేదు. తప్పు పట్టడానికేమీ లేదు. అక్కడ డాక్టరు గారి ముందు వరుస తలుపు దాటి వరండాలోకి ఉంది. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు దొరికితే గొప్ప. ఆ రెండు నిమిషాల్లో మా ఎనిమిది గళ్ల ఫారం నింపమనడం రోగి సమయాన్ని లాక్కోవడమే. ఎవరి దగ్గర ఎక్కువ భారం ఉందో వారి మీదే మరొక పని వేశామని ఆలస్యంగా అర్థమైంది.

పద్ధతి తిరగేశాము. రోగిని పంపిన ఏడో రోజున సీహెచ్‌ఓ గారి తెర మీద ఆ పేరు దానంతటదే పైకి వస్తుంది. ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి ఆసుపత్రి చీటీ, మందుల అట్టలు ఫొటో తీస్తుంది. సీహెచ్‌ఓ గారు ఆ ఫొటో చూసి మార్పు ఉంటే నమోదు చేస్తారు. చదవలేకపోతే దూరం నుంచే వైద్య సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ ఈ-సంజీవని ద్వారా డాక్టరు గారికి చూపిస్తారు. విలేజ్ క్లినిక్ స్థాయిలో ఈ-సంజీవనిని దేశంలో మొదట 2019 నవంబరులో ప్రారంభించినది మన రాష్ట్రమే కాబట్టి సీహెచ్‌ఓలకు అది చేతి అలవాటైన పని. ఆసుపత్రి వాళ్లు అదనంగా చేయవలసినదేమీ లేదు.

జూలై 28

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది ఇస్తారు. మొదటిదానికే ఇక్కడ కాజ్‌వే మునుగుతుంది, ఆపైన పడవే దారి. మధ్యాహ్నం యాప్ నుంచి నాలుగు జాబితాలు తీశాము: మూడు వారాల్లో పురుడు వచ్చే గర్భిణులు, ఇన్సులిన్ మీద ఉన్నవారు, క్షయ మందులు వాడుతున్నవారు, డయాలసిస్‌కు వెళ్లేవారు. అన్నింటినీ కాగితం మీద ముద్రించి ప్లాస్టిక్ కవర్లలో పెట్టాము, ఎందుకంటే కరెంటు పోయాక ట్యాబ్‌ను నమ్ముకోలేము. గర్భిణులను చీకటి పడకముందే ఏరు దాటించారు. డయాలసిస్‌కు వెళ్లే ఆయనను బంధువుల ఇంటికి పంపించారు. మిగతావారికి పదిహేను రోజుల మందులు ఇంటికి చేర్చారు. ఇంతకుముందు ఈ జాబితా ఏఎన్ఎం గారు రాత్రంతా మేల్కొని రిజిస్టర్లు తిరగేసి రాసేవారట. ఈసారి గంటలోపే అయిపోయింది. మామ్మగారి కుండను మనుమడు అటక మీదకు ఎక్కించాడు.

ఆగస్టు 12

నీరు తీసింది. వరద రోజుల్లో ట్యాబ్‌లలో నమోదైనవన్నీ నెట్ రాగానే సర్వరుకు చేరాయి, ఒక్కటి కూడా పోలేదు. గడియారం తేడా ఉన్నవి మూడు వచ్చాయి, చేత్తో సరిచేశాము.

ఈ వారం మరొక విషయం తేల్చుకోవలసి వచ్చింది. ఆశా కార్యకర్త అదే వీధిలో ఉంటుంది. ఆమె తెర మీద ఎదురింటివారి క్షయ, మానసిక సమస్య పేర్లతో కనబడితే, ఆమె ఎంత నమ్మకస్తురాలైనా, ట్యాబ్ పక్కన ఉన్న పిల్లవాడి కంట పడవచ్చు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వ్యక్తి సమ్మతికి పెద్ద పీట వేసింది. చట్టం లేకపోయినా ఊరి మర్యాద అదే చెబుతుంది. ఆశా తెర మీద జబ్బు పేరు తీసేసి, చేయవలసిన పని మాత్రమే కనిపించేలా మార్చాము: మాత్రలు వేసుకున్నారా అడగండి, బరువు చూడండి, దగ్గు తగ్గిందా అడగండి. జబ్బు పేరు సీహెచ్‌ఓకూ డాక్టరుకూ మాత్రమే కనిపిస్తుంది. దిగులు, నిద్రలేమి చెప్పుకున్నవారికి ఫోనులో మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416 కార్డు మీద రాస్తున్నాము. అయితే అందరి కార్డుల మీదా రాస్తున్నాము, అప్పుడు ఎవరి కార్డూ వేరుగా కనిపించదు.

ఆగస్టు 29

మామ్మగారి తిరుగు టపా వచ్చింది. ఏరియా ఆసుపత్రిలో ఇన్సులిన్ మోతాదు మార్చారు. ఆశా మూడో రోజునే ఫొటో తీసింది, సీహెచ్‌ఓ గారు అదే సాయంత్రం నమోదు చేశారు, కార్డు వెనక కొత్త అంకె రాశారు. ఈ రోజు షుగరు 158.

నర్సమ్మ గారు రికార్డు చూస్తూ ఆగి, క్షయ మందులు ఎప్పుడు పూర్తవుతాయని అడిగారు. ఆరు నెలల వైద్యం, సెప్టెంబరు చివరకు పూర్తవుతుంది. రిఫాంపిసిన్ ఆగిన కొద్ది వారాల్లో కాలేయం మామూలు స్థితికి వస్తుంది. అప్పుడు ఇదే మోతాదు ఎక్కువై షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. క్షయ రిజిస్టరులో ఆ రోజున వైద్యం పూర్తయిందని రాసి పేజీ మూసేస్తారు. షుగరు రిజిస్టరుకు ఆ సంగతి తెలియనే తెలియదు. మా ప్రోగ్రామరు అక్కడే కూర్చుని కొత్త నియమం రాశాడు: క్షయ వైద్యం ముగిసే తేదీకి ముందు వారంలో ఆ రోగికి షుగరు, బీపీ మందులు కూడా ఉంటే తర్వాతి పని దానంతటదే తెరుచుకోవాలి.

మామ్మగారి రికార్డులో మూడు గళ్లూ నింపాము. పని: మందుల మోతాదు తిరిగి చూడడం, ఆ తర్వాత నెల రోజులు వారానికి రెండుసార్లు షుగరు పరీక్ష. ఎవరిది: ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు. తేదీ: సెప్టెంబరు 22. ఆవిడ కార్డు మీద కూడా ఆ తేదీ రాసి, పైకి చదివి వినిపించాము. కార్డును కొంగున ముడివేసుకుని పడవ వేళ అయిందని లేచారు.